పీట మీద కాక్‌పిట్

ప్రొద్దుటూరులో మా ఇంటి వెనక గది తలుపు మూస్తే, దాని వెనక ఒక పాత ఫ్లెక్సీ వేలాడుతూ ఉంటుంది. ఎండ పడే వైపు రంగు వెలిసిపోయింది. మేకులు కొట్టిన చోట చిరిగితే అమ్మ టేపు అంటించింది. దాని మీద ఉన్నది నాయకుడి బొమ్మో, పెళ్లి శుభాకాంక్షలో కాదు. ఏటీఆర్ 72-500 విమానంలో పైలట్లు కూర్చునే కాక్‌పిట్, అసలు కొలతల్లో.

ఎన్ని ఇళ్లు మారినా, ఎన్ని సామాన్లు పారేసినా ఆ ఫ్లెక్సీని మాత్రం పారేయనివ్వలేదు. నేను విమానం నడపడం నేర్చుకున్నది ఫ్లయింగ్ స్కూల్లో. కాక్‌పిట్‌లో కూర్చోవడం నేర్చుకున్నది ఆ ఫ్లెక్సీ ముందు, అమ్మ దగ్గర.

నాకు కమర్షియల్ పైలట్ లైసెన్స్ వచ్చింది 2015లో. రెండు వందల గంటలు ఎగిరాను, ఎక్కువ భాగం సెస్నా 172 అనే చిన్న విమానం మీద. ఆ తర్వాత రెండేళ్లు ఉద్యోగం లేదు. ఆ రెండేళ్ల గురించి పెద్దగా చెప్పను, ఆ దారిలో నడిచిన వాళ్లందరికీ తెలిసిందే. అమ్మ రిటైర్మెంట్ డబ్బులో సగం అప్పటికే నా గంటల కింద కరిగిపోయింది. బంధువుల ఇళ్లకు పెళ్లిళ్లకు పోవడం మానేశాను.

2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లను విమానాలతో కలిపే ఉడాన్ పథకం మొదలైంది. ప్రధాని సిమ్లాలో జెండా ఊపారు. సిమ్లా–ఢిల్లీతో పాటు అదే రోజు మొదలైన రూట్లలో కడప–హైదరాబాద్ కూడా ఉంది. టీవీలో కింద స్క్రోలింగ్‌లో కడప అని చూసి అమ్మ నన్ను కేకేసింది. "మన కడపకు రోజూ ఇమానం వస్తాదంటరా" అంది. నేను లేచి వచ్చి ఆ వార్త పూర్తయ్యేదాకా నిలబడే చూశాను. రెక్కలు పైన, వాటి కింద రెండు పెద్ద ఫ్యాన్లు, పొట్టి చక్రాలు. చిన్న ఊళ్లకు పనికొచ్చే విమానం. ఆ ఏడాదే వానాకాలంలో నాకు ఒక ప్రాంతీయ విమాన సంస్థ నుంచి పిలుపు వచ్చింది. ట్రైనీ ఫస్ట్ ఆఫీసర్, అంటే కెప్టెన్‌కు కుడి పక్కన కూర్చుని నేర్చుకునే కో-పైలట్. విమానం ఏటీఆర్.

గ్రౌండ్ స్కూల్ మొదటి రోజే మాకు పాఠం చెప్పే సార్ ఒక మాట అన్నారు. "ఎగరడం మీకు వచ్చు. ముందు కుడి సీట్లో కూర్చోవడం నేర్చుకోండి." ఆయన అన్న దాంట్లో ఎంత ఉందో నాకు అప్పుడు అర్థం కాలేదు. సెస్నాలో నేనొక్కడినే. తాళం తిప్పితే ఇంజన్ స్టార్ట్ అవుతుంది, ఎదురుగా ఉన్న గడియారాలు ఒక చూపులో అయిపోతాయి. ఇక్కడ తల పైన ఒక ప్యానెల్, ఎదురుగా ఒకటి, ఇద్దరి మధ్య మీటలుండే దిమ్మె, దాన్ని పెడెస్టల్ అంటారు, వెనక్కి తిరిగితే కరెంటు బ్రేకర్ల వరసలు. ఎక్కే ముందు ఒక రకం పని, ఎక్కాక ఒక రకం, ప్రయాణికులు ఎక్కుతుండగా ఇంకో రకం. ప్రతి పనికీ ఎవరు చేయాలి, ఎవరు చూడాలి, ఏ మాట అనాలి అనేది రాసి ఉంటుంది. మాట ఒక్కటి మారినా కుదరదు. ఎందుకంటే రేపు నా పక్కన కూర్చునే కెప్టెన్‌ను నేను అంతకు ముందెప్పుడూ చూసి ఉండను. ఇద్దరం ఒకే మాట మాట్లాడితేనే ఒకరి పని ఒకరికి తెలుస్తుంది.

ముందుగా నేర్చుకోవాల్సింది ఫ్లో. అంటే చేయి పోయే వరస. మడక దున్నేటప్పుడు ఒక సాలు అయ్యాక పక్క సాలు పట్టినట్టే, ప్యానెల్ మీద ఒక నిలువు వరస చూసి, తర్వాత పక్క వరస పట్టాలి. మధ్యలో ఒక్క మీట కూడా వదలకూడదు. ఇదంతా కంఠతా చేయాలి. ఆ తర్వాతే చెక్‌లిస్ట్ కాగితం చేతిలోకి వస్తుంది. పైలట్లు కాగితం చూసి ఒక్కొక్క పని చేస్తారని చాలా మంది అనుకుంటారు. మామూలు పరిస్థితుల్లో అలా కాదు. పని ముందే ఫ్లోలో అయిపోతుంది. ముఖ్యమైనవి నిజంగా అయ్యాయా లేదా అని ఇద్దరూ కలిసి సరిచూసుకోవడానికే చెక్‌లిస్ట్. ఒకరు అడుగుతారు, ఇంకొకరు చూసి చెప్తారు.

ఆ "చూసి" దగ్గరే నేను తప్పాను. ఆ సంగతి ముందు ముందు చెప్తాను.

ఏటీఆర్ ఓవర్‌హెడ్ ప్యానెల్‌లో నాకు నచ్చిన విషయం ఒకటుంది. అన్నీ సరిగ్గా ఉంటే ఏ లైటూ వెలగదు. లైటు వెలిగిందంటే ఏదో కావాలని అడుగుతోందన్నమాట. అర్ధరాత్రి కాక్‌పిట్‌లో తల ఎత్తి చూస్తే పైన చీకటిగా ఉంటుంది. ఆ చీకటిని చూసి హాయిగా ఊపిరి పీల్చుకోవడం అలవాటు కావడానికి కొన్ని వారాలు పట్టింది.

ఇంకొకటి హోటల్ మోడ్. పెద్ద విమానాల తోకలో నేల మీద కరెంటు, ఏసీ ఇవ్వడానికి చిన్న ఇంజన్ ఒకటి ఉంటుంది. ఏటీఆర్‌కు అది లేదు. బదులుగా కుడి వైపు ఇంజన్‌ను స్టార్ట్ చేసి, దాని ప్రొపెల్లర్‌ను, అంటే ఆ పెద్ద ఫ్యాన్‌ను, బ్రేక్ వేసి ఆపి ఉంచుతారు. ఇంజన్ తిరుగుతుంది, ప్రొపెల్లర్ తిరగదు. లోపల లైట్లు, చల్లగాలి వస్తాయి. ఎక్కే తలుపు ఎడమ వైపు వెనక ఉంటుంది కాబట్టి ప్రయాణికులు అటు నుంచి వస్తారు. కడపలో ఒక పెద్దాయన మెట్ల దగ్గర ఆగి, "శబ్దం వస్తాంది, ఫ్యాను తిరగడం లేదే!" అని అడిగారని మా క్యాబిన్ క్రూ అమ్మాయి వచ్చి చెప్పింది. ఆయన సరిగ్గానే గమనించారు. కానీ ఈ సౌకర్యానికి నియమాలు చాలా ఉన్నాయి. వెనక నుంచి గాలి ఎక్కువగా కొడితే వాడకూడదు. కాక్‌పిట్‌లో మనిషి లేకుండా వదిలి పోకూడదు. బయలుదేరే ముందు "బిఫోర్ ప్రొపెల్లర్ రొటేషన్" అని ప్రత్యేకంగా ఒక చెక్‌లిస్టే ఉంది. కింద మనిషి లేడని, సామాను బండి దూరంగా ఉందని చూసుకున్నాకే ఆ బ్రేక్ వదలాలి. ఆరు రెక్కల ప్రొపెల్లర్ అది, దాదాపు 13 అడుగుల అడ్డం. తిరగడం మొదలయ్యాక కంటికి కనిపించదు. అందుకే ఆ చెక్‌లిస్ట్ చదివేటప్పుడు ఇప్పటికీ నా గొంతు కొంచెం నెమ్మదిస్తుంది.

గ్రౌండ్ స్కూల్ అయ్యాక సిమ్యులేటర్, అంటే నేల మీదే ఎగరడం నేర్పే యంత్రం, మొదలవడానికి ముందు పది రోజులు సెలవు దొరికింది. నేను ఇంటికి వచ్చేశాను. క్లాసులో మాకు కాక్‌పిట్ పోస్టర్ ఇచ్చారు కానీ అది చిన్నది. చేయి అసలు దూరానికి అలవాటు పడాలంటే అసలు కొలత కావాలి. బొమ్మల్ని పెన్ డ్రైవ్‌లో వేసుకుని ఫ్లెక్సీలు కొట్టే షాపుకు వెళ్లాను. ఆ అబ్బాయి కంప్యూటర్‌లో తెరిచి చూసి, "ఇది ఏందన్నా, సబ్‌స్టేషనా?" అన్నాడు. విమానం అని చెప్తే మెషీన్ దగ్గర ఉన్న వాళ్లందర్నీ పిలిచి చూపించాడు. అడుగు లెక్క కట్టి, కొంచెం తగ్గించే తీసుకున్నాడు. ఎదుటి ప్యానెల్ తలుపుకు కొట్టాను. ఓవర్‌హెడ్ ప్యానెల్‌ను అట్టకు అంటించి పైన దండేనికి కట్టాను.

పెడెస్టల్ మాత్రం బొమ్మతో కుదరలేదు. మీటలు కదలాలి. అమ్మ వంటింట్లోంచి పాత కొయ్య పీట తెచ్చి ఇచ్చింది. దాని మీద అట్టముక్కలతో మీటలు పెట్టాను. ఎడమ నుంచి రెండు పవర్ లీవర్లు, వాటి పక్కన రెండు కండిషన్ లీవర్లు, వాటి కుడి పక్కన ఫ్లాప్ లీవర్. పవర్ లీవర్ ఇంజన్ ఎంత బలంగా లాగాలో చెప్తుంది. కండిషన్ లీవర్ ప్రొపెల్లర్ సంగతీ ఇంధనం సంగతీ చూస్తుంది. దాన్ని ఫెదర్‌కు తెస్తే ప్రొపెల్లర్ రెక్కలు గాలికి అడ్డం తగలకుండా పక్కకు తిరిగిపోతాయి, ఇక లాగవు. ఫ్లాప్‌లంటే విమానం రెక్కల వెనక అంచున కిందికి దిగే పలకలు. వాటి లీవర్‌కు మూడు గాళ్లు: సున్నా, పదిహేను, ముప్పై. టేకాఫ్‌కు పదిహేను, ల్యాండింగ్‌కు ముప్పై. పీట మీద కండిషన్ లీవర్‌కూ ఫ్లాప్ లీవర్‌కూ మధ్య నా నాలుగు వేళ్లు పట్టేంత దూరం వచ్చింది.

రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశాను. కుడి దాంట్లో నేను. ఎడమ దాంట్లో అమ్మ.

అమ్మ ముప్పై రెండేళ్లు మండల పరిషత్ స్కూల్లో మూడో తరగతికి చెప్పింది. ఇంగ్లీషు చదువుతుంది కానీ మాట్లాడదు. కళ్లద్దాలు పెట్టుకుని, చెక్‌లిస్ట్ కాగితం ఒళ్లో పెట్టుకుని, ఒక్కో లైను కింద వేలు పెట్టి చదివేది. "గస్ట్ లాక్?" అని అడిగేది, నేను "రిలీజ్డ్" అనేవాణ్ణి. "ఫ్లాప్స్?" "ఫిఫ్టీన్." "ట్రిమ్స్?" "సెట్." పదాల అర్థం ఆమెకు అక్కర్లేదు. మొదటి రెండు రోజులు తడబడ్డాను. మూడో రోజుకు గడగడా వచ్చేసింది. ఆమె అడగడం పూర్తి కాకముందే నా జవాబు వచ్చేది. నాకు చాలా సంతోషంగా ఉంది. పొద్దున కారం దోశ తింటూ కూడా చెప్పేసేవాణ్ణి.

నాలుగో రోజు మధ్యాహ్నం అమ్మ చదవడం ఆపేసింది. కళ్లద్దాలు తీసి నా మొహం చూసింది.

"చూడకుండానే చెప్తాండావు కదరా."

"వచ్చేసింది మా, చూడాల్సిన పని లేదు."

"మా బడిలో పిల్లోళ్లూ ఇంతే. ఏడో ఎక్కం పాట మాదిరి చెప్తారు. మధ్యలో ఏడు ఎనిమిదులు ఎంత అని అడిగితే మళ్లా ఏడు ఒకట్ల కాడ నుంచి ఎత్తుకుంటారు. అది వచ్చినట్టు కాదు నాయనా."

ఆమెకు విమానం సంగతి తెలియదు కదా అనుకున్నాను. బయటికి అనలేదు కానీ అనుకున్నాను. సెలవు అయిపోయింది, బస్సెక్కాను.

సిమ్యులేటర్ స్లాట్ మాకు ఎక్కువగా రాత్రి రెండు గంటలకు దొరికేది. నాలుగు గంటల సెషన్. సగం నేను ఎగరేయాలి, సగం నా పార్ట్‌నర్. అతను మలయాళీ, నాకంటే రెండేళ్లు చిన్న. చదవడంలో నాకంటే నిదానం, చూడటంలో నాకంటే శ్రద్ధ. మూడో సెషన్ అనుకుంటా. ఇంజన్లు స్టార్ట్ అయ్యాయి. ఫ్లోలో ఫ్లాప్ లీవర్ పదిహేనుకు పెట్టాను. చెక్‌లిస్ట్ మొదలైంది. "ఫ్లాప్స్?" అన్నాడు పార్ట్‌నర్. "ఫిఫ్టీన్" అన్నాను. రన్‌వే దగ్గరికి వెళ్తూ, అన్నీ టేకాఫ్‌కు సిద్ధంగా ఉన్నాయో లేదో చూసే టేకాఫ్ కాన్ఫిగ్ బటన్ నొక్కగానే ఎర్ర లైటు వెలిగి, ఆగకుండా ఘంట మోగడం మొదలైంది. నాకు ఏమీ తోచలేదు. చేతులు చల్లబడ్డాయి. ఎక్కడ చూడాలో కూడా గుర్తుకు రాలేదు.

వెనక కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ సిమ్యులేటర్‌ను ఆపేశారు. కోప్పడలేదు. "ఫ్లాప్స్ ఎంత?" అన్నారు. నేను మళ్లీ "ఫిఫ్టీన్ సార్" అన్నాను. "మీట చెప్పింది పదిహేను. రెక్క ఏం చెప్తోంది?" అని ఎదుటి ప్యానెల్‌లో ఫ్లాప్ గేజ్ వైపు చూపించారు. ముల్లు సున్నా మీద ఉంది. ఆయన ముందే ఫ్లాప్‌లు కదలకుండా చేసి ఉంచారు. నేను పెట్టిన మీటనే గుర్తు పెట్టుకుని జవాబు చెప్పాను. గేజ్ వైపు కన్ను పోలేదు. అమ్మ మాట అక్కడ, ఆ చీకటి గదిలో, రాత్రి మూడింటికి నాకు వినిపించింది.

ఆ రోజు బ్రీఫింగ్ గదిలో ఆయన మాకు 1935 నాటి సంగతి చెప్పారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని రైట్ ఫీల్డ్. అక్టోబరు 30న సైన్యం పరీక్షకు బోయింగ్ మోడల్ 299 అనే నాలుగింజన్ల విమానం తెచ్చారు. అప్పటికి చాలా పెద్దది, చాలా చిక్కైనది. అనుభవం ఉన్న సైనిక పైలట్ మేజర్ ప్లోయర్ హిల్ నడిపారు. నేల మీద ఉన్నప్పుడు గాలికి తోక రెక్కలు కొట్టుకోకుండా తాళం వేస్తారు. ఆ తాళం తీయకుండానే పైకి లేచారు. విమానం ముక్కు నిలువుగా లేచి, కిందపడి కాలిపోయింది. ఇద్దరు పోయారు, హిల్ వారిలో ఒకరు. ఒక మనిషి గుర్తు పెట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ పనులు ఈ విమానంలో ఉన్నాయని అందరికీ అర్థమైంది. అప్పుడు పైలట్లే కూర్చుని కాగితం మీద ఏ దశలో ఏం చూసుకోవాలో రాసుకున్నారు. తర్వాత అదే రకం విమానం బీ-17 అనే బాంబర్‌గా వేల సంఖ్యలో ఎగిరింది.

"ఆ తాళమే మన గస్ట్ లాక్" అన్నారు ఆయన. "మీరు రోజూ రిలీజ్డ్ అని పలికే మాట." నేను ఆ మాటను నాలుగు రోజుల పాటు కారం దోశ తింటూ పలికినవాణ్ణి. ఆ రాత్రి హాస్టల్‌కు వచ్చాక నిద్ర పట్టలేదు.

ఆ తర్వాతి సెషన్లలో ఇంజన్ ఫెయిల్యూర్లు మొదలయ్యాయి. టేకాఫ్‌లో వేగం వీ1 దాటగానే, అంటే ఇక ఆగకుండా ఎగరక తప్పని వేగం వచ్చాక, ఒక ఇంజన్ పోతుంది. ముక్కు ఒక పక్కకు లాగేస్తుంది, కాలితో రడ్డర్ నొక్కి పట్టాలి. ఏటీఆర్‌లో ఇక్కడ కొంత పని యంత్రమే చేస్తుంది. పోయిన ఇంజన్ ప్రొపెల్లర్‌ను దానంతట అదే ఫెదర్ చేస్తుంది, బాగున్న ఇంజన్‌కు బలం పెంచుతుంది. మన పని విమానాన్ని సూటిగా పట్టుకోవడం, చక్రాలు పైకి తీయడం, ఎత్తు అందాక, తొందర లేకుండా, ఏ ఇంజనో తేల్చుకుని ఆపడం. మాకు నేర్పింది ఇలా: మీట మీద చేయి వేసి పేరు చెప్పాలి. పక్కవాడు కళ్లతో చూసి "కన్ఫర్మ్" అనాలి. అన్నాకే కదపాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మింగేసినా ఇన్‌స్ట్రక్టర్ సిమ్ ఆపేసేవారు.

ఎందుకంత పట్టుదల అంటే, అప్పటికి రెండేళ్ల కిందటే, 2015 ఫిబ్రవరి 4న, తైపీలో ఒక ఏటీఆర్ 72 టేకాఫ్ అయిన కాసేపటికే నదిలో పడింది. 58 మందిలో 43 మంది పోయారు. రెండో ఇంజన్ ప్రొపెల్లర్ ఫెదర్ అయింది. పైలట్ వెనక్కి లాగి ఆపేసింది మొదటి ఇంజన్‌ను, బాగున్నదాన్ని. చివర్లో ఆయనకు తన పొరపాటు తెలిసింది, కానీ అప్పటికి ఎత్తు లేదు. అది విన్న రోజు నేనూ, పార్ట్‌నరూ చాలాసేపు మాట్లాడుకోలేదు. ఆయన చెడ్డ పైలట్ అని మాకు అనిపించలేదు. ఆ కుర్చీలో మేమే ఉన్నట్టు అనిపించింది. ఆ తర్వాత మేమిద్దరం క్యాంటీన్‌లో టీ గ్లాసు అందించుకునేటప్పుడు కూడా ఒకరు పేరు చెప్పి ఇంకొకరు కన్ఫర్మ్ అనేదాకా కదిపేవాళ్లం కాదు. చూసేవాళ్లకు ఆట. మాకు ఆట కాదు.

మధ్యలో మళ్లీ నాలుగు రోజులు ఇంటికి వచ్చాను. ఫ్లాప్ గేజ్ సంగతి అమ్మకు చెప్పాను. ఆమె "నేను చెప్పలా" అనలేదు. విని ఊరుకుంది. సాయంత్రం కూర్చున్నాం. నేను నీళ్లు తాగడానికి లేచి వచ్చి కూర్చుంటే, చెక్‌లిస్ట్ చదవడం మొదలుపెట్టింది. "పార్కింగ్ బ్రేక్?" "ఫ్లాప్స్?" నేను పీట వైపు చూశాను. నేను పదిహేను గాడిలో పెట్టి వెళ్లిన అట్టముక్క సున్నాలో ఉంది. ఆమె మొహంలో ఏమీ లేదు, కాగితం మీద వేలు పెట్టుకుని జవాబు కోసం చూస్తోంది. ఆ నాలుగు రోజులూ అంతే. ఎప్పుడు దేన్ని కదిపేదో తెలియదు. ఒకసారి ఏదీ కదపకుండా ఊరికే అడిగింది. అప్పుడు నేను మూడు సార్లు చూసి చెప్పాను.

ఏటీఆర్ నడపడానికి అర్హత ఇచ్చే టైప్ రేటింగ్ పరీక్ష అయింది. తర్వాత కొన్ని రోజులు వెనక జంప్ సీట్లో కూర్చుని చూడటం, ఆ పైన ట్రైనింగ్ కెప్టెన్ పక్కన అసలు ప్రయాణికులతో ఎగరడం. సిమ్‌లో లేనిది ఒకటి లైన్‌లో, అంటే అసలు ఫ్లైట్లలో, ఉంటుంది, అది మనుషులు. చెక్‌లిస్ట్ మధ్యలో ఉండగా లోడ్ షీట్ పట్టుకుని ఒకరు వస్తారు. ఇంధనం స్లిప్పు మీద సంతకం కావాలంటారు. వీల్‌చైర్ ఇంకా రాలేదని క్యాబిన్ నుంచి చెప్తారు. రేడియోలో మన కాల్ సైన్ వినిపిస్తుంది. ఇంకో అరగంటలో మళ్లీ బయలుదేరాలి. మొదటి వారం అంతా నేను ఎక్కడ ఆపానో మర్చిపోయేవాణ్ణి. మా ట్రైనింగ్ కెప్టెన్ ఒకాయన వైజాగ్ వైపు మనిషి, మాట చాలా మెత్తన. "ఏ లైను దగ్గర ఆగావో దాని మీద బొటనవేలు పెట్టుకో బాబూ. వేలు జారిందంటే మొదటి నుంచి చదువు. సిగ్గుపడకు, ఆలస్యమైతే నేను చెప్పుకుంటాను" అన్నారు. అలా అనే కెప్టెన్ దొరకడం నా అదృష్టం. అందరూ అలా అనరు. అప్పటి నుంచి నా బొటనవేలు కాగితం మీదే ఉంటుంది.

హైదరాబాద్ నుంచి కడపకు వస్తుంటే కృష్ణ దాటి, నల్లమల దాటి, పెన్నా వైపు దిగుతాం. కుడి సీట్లో కూర్చున్న వాడికి కుడి కిటికీలో ప్రొద్దుటూరు వస్తుంది, ఎండిన పెన్నా ఇసుక తెల్లగా, దాని ఒడ్డున ఊరు. కానీ అప్పటికి మనం పది వేల అడుగుల కిందికి వచ్చేసి ఉంటాం. అక్కడి నుంచి పనికి సంబంధించని మాట మాట్లాడకూడదు, పనికి సంబంధించని చూపూ అంతే. వేగం తగ్గించడం, ఫ్లాప్స్ పదిహేను, చక్రాలు, ఫ్లాప్స్ ముప్పై, చెక్‌లిస్ట్. మొదటి నెలలో మా ఊరి పక్క నుంచి ఎన్నోసార్లు పోయి ఉంటాను, ఒక్కసారి కూడా చూడలేదు. ఇంట్లో అమ్మ మాత్రం టైము చూసుకుని మిద్దె ఎక్కేదట. ఒక రోజు వాతావరణం బాగుంది, ఆ ఫ్లైట్‌లో ల్యాండింగ్ కెప్టెన్‌ది, నా పనులన్నీ ముందే అయిపోయాయి. ఇంకా పది వేల పైనే ఉన్నాం. దూరంగా ఊరు కనిపించింది. కెప్టెన్‌కు చెప్పాను, "సార్, అది మా ఊరు." ఆయన వంగి చూసి, "పెద్ద ఊరే" అన్నారు. అంతే. ఆ మాట అమ్మకు చెప్తే రెండు మూడు సార్లు మళ్లీ చెప్పించుకుంది.

ఏళ్లు గడిచాయి. సంస్థ మారింది, విమానం అదే. 2022లో ఎడమ సీటుకు వచ్చాను, కెప్టెన్‌గా.

2023 జనవరి 15, సంక్రాంతి. డ్యూటీ లేదు, ఇంట్లోనే ఉన్నాను. నేపాల్‌లోని పోఖరాలో విమానం కూలిందని ఫోన్లు మొదలయ్యాయి. ఏటీఆర్ 72. అందులో ఉన్న 72 మందిలో ఒక్కరూ మిగల్లేదు. వాకిట్లో ముగ్గు ఇంకా తడి ఆరలేదు. అమ్మ టీవీ ఆపేసింది. నన్ను ఏమీ అడగలేదు. ఆ రోజు సాయంత్రం దాకా ఇంట్లో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

నెల తర్వాత ప్రాథమిక నివేదిక వచ్చింది. హోటల్ గదిలో కూర్చుని చదివాను. ల్యాండింగ్‌కు దిగుతున్నారు. నడుపుతున్న కెప్టెన్ "ఫ్లాప్స్ థర్టీ" అని అడిగారు. పక్కన ఉన్నవారు సరేనన్నట్టు జవాబు చెప్పారు. ఫ్లాప్‌లు కదలలేదు. అదే క్షణంలో రెండు ప్రొపెల్లర్లూ ఫెదర్‌కు పోయాయి. ఆ తర్వాత వాళ్లు బిఫోర్ ల్యాండింగ్ చెక్‌లిస్ట్ కూడా చదివారు. ఇంజన్లు తిరుగుతూనే ఉన్నాయి, లాగడం మాత్రం ఆగిపోయింది. ఫ్లాప్ లీవర్ అనుకుని పక్కనున్న కండిషన్ లీవర్లను కదిపారని ఆ ఏడాది చివర వచ్చిన తుది నివేదిక తేల్చింది. వాళ్లిద్దరూ నాకంటే ఎంతో అనుభవం ఉన్నవాళ్లు. వాళ్ల మీద నా నోట ఒక్క మాట రాదు. ఆ లైను దగ్గర ఆగి మళ్లీ మళ్లీ చదివాను. "ఫ్లాప్స్ థర్టీ" అనే జవాబును నేనెన్ని వందల సార్లు చెప్పానో, అందులో ఎన్నిసార్లు ముల్లును చూశానో నిజాయితీగా లెక్క వేసుకోవడానికి ప్రయత్నించాను. లెక్క తేలలేదు.

ఉగాదికి ఇంటికి వెళ్లాను. భోజనాలయ్యాక వెనక గదిలోకి వెళ్లి తలుపు మూశాను. ఫ్లెక్సీ అలాగే ఉంది. పీట అటక మీద ఉంటే దించి దుమ్ము దులిపాను. అట్టముక్కల్లో రెండు మెత్తబడి వంగిపోయాయి, పేర్లు మాత్రం నా చేతిరాతలో కనిపిస్తున్నాయి. కండిషన్ లీవర్ మీద ఒక వేలు, ఫ్లాప్ లీవర్ మీద ఒక వేలు పెట్టాను. నాలుగు వేళ్ల దూరం. అలా ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

అమ్మ తలుపు తోసుకుని వచ్చింది. నన్ను చూసింది, పీటను చూసింది. బయటికి వెళ్లి కళ్లద్దాలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుంది. ఎడమ పక్కన వేసుకుని కూర్చుంది. బీరువా మీది ఫైలులోంచి ఆ పాత కాగితం తీసి ఒళ్లో పరుచుకుంది.

"యాడ నుంచి?" అంది.

"బిఫోర్ ల్యాండింగ్, మా."

పేజీ తిప్పి, వెతికి, మొదటి లైను కింద వేలు పెట్టింది.

"ల్యాండింగ్ గేర్?"